మిద్దె మీది తెల్ల గిన్నె

సోమవారం ఉదయం కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకునేసరికే నళిని ఆ వారానికి ఒకే ఒక పని పెట్టుకుంది. ఆదివారం లోపల ఒక ఉపగ్రహ సమయ రిసీవరు ఎంచుకుని ఇంటికి తెచ్చుకోవాలి. కాలేజీలో పాఠాలు, ఇంట్లో వంట, మధ్యలో చెప్పకుండా దిగే చుట్టాలు ఎలాగూ ఉండేవే కనుక వాటిని ఆమె పనుల కింద జమకట్టలేదు.

నళిని మత్తికెరెలో ఒక పీయూ కాలేజీలో ఇంటర్ వయసు పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. శ్రీగంధ నిలయం అనే అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో కాపురం. అందరిళ్లలో బట్టలు మడతపెట్టుకునే చిన్న గది ఒకటి ఉంటుంది కదా, ఆ గదిని ఆమె రేడియో గది చేసుకుంది. సరదాకి సొంత రేడియోతో దూరాలవాళ్లతో మాట్లాడుకునే హ్యామ్ రేడియో లైసెన్సు ఉంది, క్లబ్బు ఉంది, క్లబ్బులో స్నేహితులు ఉన్నారు. స్నేహితుడు అనడానికి మనసొప్పని శ్రీనివాసప్ప కూడా ఉన్నాడు.

ఏటా ఆ క్లబ్బు ఒక పోటీ పెడుతుంది. ఒక సభ్యుడు దొడ్డబళ్ళాపురంలోని తన ఇంటి నుంచి ఒక సంకేతం పంపుతాడు. అది సరిగ్గా ఏ ఫ్రీక్వెన్సీలో వచ్చిందో మిగతావాళ్లు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని కొలిచి చెప్పాలి. ఎవరి సంఖ్య నిజానికి దగ్గరగా ఉంటే వాళ్లు గెలిచినట్టు. వినడానికి ఇంతే. కానీ కొలబద్దే వంకరగా ఉంటే కొలిచేవాడి జాగ్రత్త ఎందుకూ పనికిరాదు. నళిని దగ్గరున్న కొలబద్ద ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది పొద్దున ఒక మాట, ఎండెక్కాక ఒక మాట చెప్పే రకం. పోయిన ఏడు పోటీలో ఆమె చివరి నుంచి రెండో స్థానంలో నిలిచింది. చివరి స్థానంలో ఉన్నాయన పోటీ రోజున ఆస్పత్రిలో ఉన్నాడు.

ఫలితాలు చదివాక శ్రీనివాసప్ప తన ఖరీదైన కొలత యంత్రం ఫోటో అందరికీ చూపిస్తూ, మేడం పిల్లలకు పాఠాలు బాగా చెబుతారని విన్నాననీ, కొలతలు మాత్రం తమలాంటి వాళ్లకు వదిలేస్తే మంచిదనీ ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాద నళినికి ఏడాది పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

ఆమె ఊరికే ఉండలేదు, చదివింది. ఉపగ్రహాల్లో అణు గడియారాలు ఉంటాయి. అవి పంపే సమయాన్ని ఇంట్లో ఒక రిసీవరు అందుకుని, సెకనుకొకసారి టిక్కుమంటుంది. ఆ టిక్కుకు మన స్ఫటికాన్ని కట్టేస్తే అది ఎండకూ వానకూ అటూ ఇటూ జరగకుండా దారిలో ఉంటుంది. ఇక తేలవలసింది ఒక్కటే, ఏ రిసీవరు? ప్రయోగశాలల్లో వాడే కొత్త పరికరం ధర చూసి ఆమె ఆ పేజీని వెంటనే మూసేసింది. డ్రోన్లలో, బండ్లలో పెట్టే చవక రిసీవరు అయితే ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దాని అసలు ఉద్యోగం మనం ఎక్కడున్నామో చెప్పడం, సమయం చెప్పడం పక్క ఉద్యోగం. దాని టిక్కు కాస్త తడబడుతుంది. మూడోది పాత రకం. మొబైల్ టవర్లలో ఏళ్ల తరబడి పనిచేసి, టవర్లు మార్చినప్పుడు తుక్కులోకి వచ్చేది. తాను కదలనని దానికి తెలుసు. ఉన్నచోటును ఒకసారి నేర్చుకుని, ఆ తర్వాత తన శక్తినంతా సమయం మీదే పెడుతుంది. లోపల చిన్న పొయ్యిలాంటి గూట్లో స్ఫటికాన్ని ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచుకుంటుంది. చవకే. కాకపోతే పాతది, ఎలాంటిది చేతికొస్తుందో చెప్పలేం.

ఇదంతా ఆమె ఉప్పిట్టు తింటున్న భర్తకు చెప్పింది. మునీంద్రకు పీణ్యలో మెషిన్ షాపు ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లేతు యంత్రాల మోత మధ్య మాట్లాడి మాట్లాడి, ఆయనకు మామూలు గొంతు అనేది లేకుండా పోయింది. ఉప్పు కావాలని అడిగినా వీధి చివర వినపడుతుంది.

"టవర్లదే కావల్లంటే దానికేం, పీణ్యలో మన చెన్నరాయప్ప ఉండాడు కదా. టవర్ల పాత సామానంతా ఆయన గోడౌనుకే వస్తాది. నేను ఫోన్ చేస్తాలే," అన్నాడు.

కాలేజీకి వెళ్లేముందు నళిని మిద్దె ఎక్కి ఇంకో చిన్న పని చేసింది. ఏ రిసీవరైనా ఆకాశం చూడగలిగే యాంటెన్నా కావాలి కనుక, ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో ముందే ఒకటి కొనిపెట్టుకుంది. బోర్లించిన చిన్న గిన్నెలా తెల్లగా ఉంటుంది. నీళ్ల ట్యాంకు పక్కన పాత పైపు ఒకటి నిటారుగా ఉంటే దాని కొసకు ఆ గిన్నెను బిగించింది. వైరు ఇంకా కొనలేదు. రిసీవరు తేలితే కదా దానికి ఏ ప్లగ్గు సరిపోతుందో తెలిసేది. మిద్దె మీద ఏదైనా పెట్టాలంటే అసోసియేషన్‌ను అడగాలన్న సంగతి మాత్రం ఆమె మనసుకు తట్టలేదు.

సరిగ్గా అదే సమయానికి కింద పార్కింగ్‌లో మునీంద్ర స్కూటర్ మీద కూర్చుని చెన్నరాయప్పకు ఫోన్ చేస్తున్నాడు. పక్కనే ఆకుకూరలు బేరం చేస్తున్నది మొదటి అంతస్తు నంజమ్మ. ఆమె హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. చెవులు మాత్రం ఇంకా రిటైరవలేదు.

"టవర్‌ది మాకే ఈయల్ల చెన్నరాయప్పా, ఇంకెవురికీ మాటివ్వొద్దు. మా మిద్దె మీద అంతా రెడీ చేసేసినాం. ఈ వారంలోనే పెట్టేయల్ల. ఇంట్లో అందరూ ఒప్పుకున్నట్టే."

మునీంద్ర ఇంట్లో అందరూ అంటే నళిని ఒక్కతే. నంజమ్మకు మాత్రం అది మొత్తం అపార్ట్‌మెంటులా వినిపించింది. తన ఒప్పుకోలు ఎవరు అడిగారో ఆమెకు గుర్తు రాలేదు. కూర అక్కడే వదిలేసి, మోకాళ్ల నొప్పులతోనే లిఫ్టులో పైకి వెళ్లి, అక్కడి నుంచి మెట్లెక్కి మిద్దె మీద తెల్ల గిన్నెను చూసింది. కింద కూర్చుని, గిన్నె మాత్రమే నిండేలా ఆకాశం వైపు ఫోటో తీసింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో చూసినవాళ్లకు గిన్నె నీళ్ల ట్యాంకు అంత కనిపించింది. కింద ఆమె రాసిన మాట చిన్నదే. మనల్ని అడగకుండా మన నెత్తిన టవర్ పెడుతున్నారు.

మధ్యాహ్నానికి నంజమ్మకు తలనొప్పి పట్టుకుంది. సాయంత్రానికి ఇంకో ఇద్దరికి పట్టుకుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒకాయన రాత్రి నిద్రే పట్టలేదని రాశాడు. ఆయన చెప్పిన రాత్రికి ఆ గిన్నె ఇంకా నళిని అలమరలోనే ఉంది. రెండో అంతస్తులో కరివేపాకు మొక్క ఆకులు పండుబారాయి. అంతకు ముందు పావురాలు మురికి చేస్తున్నాయని నెలకో నోటీసు వచ్చేది. ఇప్పుడు పావురాలు రావడం లేదని, పాపం మూగజీవాలకు ముందే తెలిసిపోతుందని నలుగురు రాశారు.

కాలేజీ నుంచి తిరిగొచ్చిన నళిని ఫోన్ చూసి నివ్వెరపోయింది. భర్తను నిలదీస్తే, ఆయన తాను చాలా మెల్లిగా మాట్లాడానని ప్రమాణం చేశాడు. ఇక లాభం లేదని ఆమె నేరుగా అసోసియేషన్ ప్రెసిడెంటు వెంకటగిరియప్ప దగ్గరికి వెళ్లింది. ఆయన కోర్టులో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. ఏ సమస్య వచ్చినా దాన్ని పరిష్కరించడు, వాయిదా వేస్తాడు.

"సార్, అది టవర్ కాదు. ఆకాశంలో నుంచి వచ్చే సిగ్నల్‌ని పట్టుకుంటాది, అంతే. అది బయటికి ఏమీ పంపదు," అంది నళిని.

"పట్టుకున్న సిగ్నల్ యాడికి పోతాది మరి?"

"వైరు గుండా మా ఇంట్లోకి వస్తాది సార్."

వెంకటగిరియప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే ఆకాశంలో సుమ్నే, ఊరికే ఉన్నదాన్ని బిల్డింగ్ లోపలికి తెస్తాండారు. ఇది ఇంకా పెద్ద విషయం నళినమ్మా. శుక్రవారం సాయంత్రం అందరికీ మీటింగు పెడదాం."

ఆమె ఎంత చెబితే వ్యవహారం అంత ముదిరింది. సమయం కోసమే అని చెబితే, గోడ మీద గడియారం ఉండగా ఉపగ్రహం ఎందుకని అడిగారు. పోటీ కోసమని చెబితే, ఏ కంపెనీతో పోటీ అని అడిగారు. రేడియో అన్న మాట వాడగానే రేడియేషన్ అని తిరిగి చెప్పుకున్నారు. బుధవారం నాటికి నళిని వివరించడం మానేసి, రిసీవరు సంగతి చూసుకుందామని పీణ్య బయలుదేరింది.

చెన్నరాయప్ప గోడౌన్‌లో టవర్ల విడిభాగాలు కొండలా పడి ఉన్నాయి. ఆయన ఒక బూడిదరంగు డబ్బా తెచ్చి, దుమ్ము తుడిచి, కరెంటు ఇచ్చాడు. కిటికీ బయట ఉన్న యాంటెన్నాకు తగిలించాడు. కాసేపటికి డబ్బా వెచ్చబడింది. నళిని దాని మీద చెయ్యి ఉంచి చూసింది. లోపలి పొయ్యి బతికే ఉంది. చిన్న తెర మీద గంటలు, నిమిషాలు, సెకన్లు సరిగ్గా నడుస్తున్నాయి. తేదీ మాత్రం ఇరవై ఏళ్ల వెనకది.

"ఇదే అమ్మా దీనితో తకరారు," అన్నాడు చెన్నరాయప్ప, తప్పు తనదే అన్నట్టు మొహం పెట్టి. "తేదీ తప్పు చూపిస్తాది. నలుగురు చూసి వాపసు పెట్టేసి పోయినారు. నీకు అబద్ధం చెప్పి అంటగట్టను."

నళిని లోలోపల గంతులు వేసింది. ఈ పాత యంత్రాలు వారాలను ఒక హద్దు వరకే లెక్కపెడతాయనీ, పాత బండి మీటరు నిండి మళ్లీ సున్నా దగ్గర మొదలైనట్టు ఇదీ వెనక్కి తిరిగిందనీ ఆమె చదివి ఉంది. తేదీ తప్పే, టిక్కు తప్పు కాదు. ఫ్రీక్వెన్సీకి కావలసింది టిక్కు. ఆ నలుగురూ తేదీ చూసి వదిలేయబట్టే ఇంత మంచి వస్తువు ఇంత చవకలో తనకోసం మిగిలింది. చవక రిసీవరా, టవర్ రిసీవరా అన్న ప్రశ్న అక్కడితో తీరిపోయింది. ఆమె బేరం కూడా ఆడలేదు. చెన్నరాయప్పకు అది కాస్త అనుమానంగానే అనిపించింది.

సరిపోయే వైరూ, కరెంటు అడాప్టరూ వెతికిపెట్టి, మర్నాడు తమ బండి అటువైపే పోతుంది కనుక అందులో పంపుతానని ఆయన చెప్పాడు. నళిని సరేనంది. ఆ వారంలో ఆమె చేసిన రెండో పొరపాటు అది.

గురువారం మధ్యాహ్నం శ్రీగంధ నిలయం గేటు ముందు ఒక సరుకుల బండి ఆగింది. దాని వెనక, యలహంకలో ఇంకెవరికో ఇవ్వవలసిన టవర్ ప్యానెళ్లు మనిషెత్తున తాళ్లతో కట్టి ఉన్నాయి. వాటి కింద ఎక్కడో నళిని డబ్బా ఉంది. సెక్యూరిటీ అతను ఏం తెచ్చావని అడిగితే, డ్రైవరు తనకు రాసిచ్చిన చీటీని గట్టిగా చదివాడు. మునీంద్ర, నాలుగో ఫ్లోరు, టవర్ ఐటం.

గేటు మూసేశారు. నంజమ్మ కుర్చీ తెప్పించుకుని బండికి ఎదురుగా కూర్చుంది. ఆమె వెనక ఇంకో ఆరుగురు నిలబడ్డారు. సన్న వీధి కావడంతో బండి వెనక నీళ్ల ట్యాంకరు ఆగింది, దాని వెనక స్కూలు బస్సు ఆగింది. హారన్లు మొదలయ్యాయి. డ్రైవరు గాభరాపడి మునీంద్రకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టాడు. పీణ్య నుంచి మునీంద్ర గొంతు, లేతు మోతతో సహా, వీధంతా వినిపించింది. "గలాటా ఏమీ లేదప్పా. అది చిన్న టవర్ సామానే. దింపేసి నువ్వు పో. పైన పెట్టేది మేము చూసుకుంటాం."

ఆ మాటతో ఆరుగురు పదిహేనుమంది అయ్యారు.

నళిని ఆటో దిగేసరికి పరిస్థితి ఇది. ఆమె గుంపులోంచి దారి చేసుకుని వెళ్లి, డబ్బాను బండిలోంచి తీయించి అందరికీ చూపించింది. టిఫిన్ క్యారియరంత ఉన్న ఆ డబ్బాను చూసి గుంపు కొంచెం చల్లబడింది గానీ, ఎవరో ఇప్పుడంతా చిన్న సైజులోనే వస్తున్నాయి, అందుకే ఇంకా ప్రమాదం అన్నారు. చివరికి వెంకటగిరియప్ప వచ్చి మధ్యేమార్గం చెప్పాడు. మీటింగు దాకా డబ్బా సెక్యూరిటీ గదిలో తాళం కింద ఉంటుంది. బండి వెళ్లింది, ట్యాంకరు వచ్చింది, వీధి కదిలింది.

నళిని రోజులు లెక్కపెట్టుకుంది. ఆదివారం ఉదయం పోటీ. ఆ యంత్రం వేడెక్కి, ఉన్నచోటు నేర్చుకుని, స్థిమితపడడానికి కనీసం ఒక రోజు పైన కావాలి. శుక్రవారం మీటింగులో వెంకటగిరియప్ప నోట వాయిదా అన్న మాట వస్తే అంతా అయిపోయినట్టే.

లిఫ్టు దగ్గర ఫాతిమా ఆమె చెయ్యి పట్టుకుంది. మూడో అంతస్తులో ఉండే ఆ అమ్మాయిది కర్నూలు. వైట్‌ఫీల్డ్ కంపెనీ ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే పని. అపార్ట్‌మెంట్‌లో సిగ్నల్ ఎంత తక్కువంటే, ఇన్నాళ్లూ ఆఫీసు మీటింగులన్నీ ఆమె బాల్కనీలో బట్టల తీగ కింద నిలబడే మాట్లాడేది.

"ఆంటీ, ప్లీజ్, వాళ్ల ప్రెషర్‌కి మీరు తగ్గొద్దు. మండే నుంచి నాకు నెట్‌వర్క్ సూపర్‌గా వస్తోంది. ఒక్క కాల్ కూడా డ్రాప్ కాలేదు. మా సైడ్ చాలామంది ఉన్నారు," అంది.

అది టవర్ కాదని నళిని చెప్పబోతే, ఫాతిమా అర్థమైందన్నట్టు కన్ను కొట్టింది. ఆ సాయంత్రానికి గ్రూపులో టవర్ కావాలనే వర్గం తయారైంది. వీడియోలు ఆగకుండా వస్తున్నాయని ఒకరు, ఎప్పుడూ అందని కొడుకు ఫోను మొదటి రింగుకే తగిలిందని ఒకరు రాశారు. అవతల తలనొప్పులు, ఇవతల నెట్‌వర్కు. రెండు వర్గాల మధ్య నిలబడిన నళిని దగ్గర మాత్రం టవరూ లేదు, ఇంకా రిసీవరూ లేదు.

శుక్రవారం సాయంత్రం పార్కింగ్‌లో కుర్చీలు వేశారు. ఎన్నడూ మీటింగుకు రానివాళ్లు కూడా వచ్చారు. వెంకటగిరియప్ప వంతులవారీగా మాట్లాడమన్నాడు. నంజమ్మ తన తలనొప్పి గురించి, అది ఎడమ కణత నుంచి కుడి కణతకు ఎలా ప్రయాణం చేస్తుందో సవివరంగా చెప్పింది. ఫాతిమా లేచి, ఇంత మంచి సిగ్నల్ వస్తుంటే దాన్ని తీసేయమనడం తన ఉద్యోగం మీద దెబ్బ కొట్టడమే అంది. మాటలు పెరిగాయి. మునీంద్ర సర్దిచెప్పడానికి లేవబోతే నళిని ఆయన చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

ఆమె ఆలోచిస్తున్నది వేరే. క్లాసులో ప్రయోగం తప్పుగా వచ్చినప్పుడు ఆమె పిల్లలతో వాదించదు. ఏం చూశారో మొదట చెప్పించి, తర్వాత యంత్రం మూత తీసి చూపిస్తుంది. ఇన్నాళ్లూ తాను చేసింది వాదనే అని ఆమెకు ఇప్పుడు తోచింది. లేచి నిలబడి, నంజమ్మను తలనొప్పి ఎప్పటి నుంచని అడిగింది. సోమవారం నుంచి. ఫాతిమాను సిగ్నల్ ఎప్పటి నుంచని అడిగింది. సోమవారం నుంచే. మిగతావాళ్లనూ అడిగింది. అందరిదీ సోమవారమే.

"అయితే అందరూ స్వల్ప పైకి రండి. ఒకటి చూపించల్ల," అంది.

మిద్దె మీద ఇంకా వెలుతురు ఉంది. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. ఫోటోలో ట్యాంకంత కనిపించిన వస్తువు ఇదేనా అని కొందరు చుట్టూ వెతికారు. నళిని పైపు కొసకున్న మరలు విప్పి, తెల్ల గిన్నెను చేతిలోకి తీసుకుని, వెల్లకిలా తిప్పి వెంకటగిరియప్ప చేతిలో పెట్టింది. అడుగున వైరు తగిలించే ఇత్తడి బొడిపె ఒకటి ఉంది. దానికి దుమ్ము పడకుండా తొడిగిన ఎర్ర ప్లాస్టిక్ టోపీ కూడా తీయలేదు.

"దీనికి వైరు లేదు సార్. సోమవారం నుంచి ఇట్లే ఉండాది. దీన్ని తగిలించాల్సిన డబ్బా మీ తాళం కిందే ఉండాది. కరెంటు అనేదే లేదు దీంట్లో. ఈ వారమంతా ఇది చేసింది ఒకటే, వాన రాలేదు కాబట్టి తడవకుండా ఉండింది."

కింద వీధిలో పానీపూరీ బండివాడి గంట వినిపించింది.

"మరి నా తలనొప్పి?" అంది నంజమ్మ మెల్లిగా.

"మరి నా నెట్‌వర్క్?" అంది ఫాతిమా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ వారంలో వాళ్లిద్దరూ ఒకే పక్షాన నిలబడడం అదే మొదలు. తలనొప్పి నిజమే అయివుంటుందనీ, కారణం మాత్రం ఇది కాదనీ నళిని నంజమ్మకు చెప్పింది. రోజంతా ఫోన్‌లో గ్రూపు చూస్తూ కూర్చుంటే ఎవరికైనా వస్తుందని ఎవరో అన్నారు. ఆ అన్నవాళ్లు కూడా రోజంతా గ్రూపులో ఉన్నవాళ్లే. ఫాతిమా కాసేపు ఆలోచించి, సోమవారమే తన ఆఫీసు బల్లను కిటికీ పక్కకు జరిపానని ఒప్పుకుంది. గ్రూపులో ఫోటో చూశాక, టవర్ పని జరుగుతుంటే చూద్దామని జరిపిందట.

వెంకటగిరియప్ప గొంతు సవరించుకున్నాడు. ఏ మాట రాబోతుందో నళినికి తెలుసు. అంతలో నంజమ్మ ముందుకు వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసిన మనిషికి నలుగురిలో పోయిన పరువును నలుగురిలోనే తిరిగి తెచ్చుకోవడం తెలుసు.

"లేని వైరుకే ఇంత గలాటా చేసినాం. ఇంక వైరు పెడితే మాత్రం ఏమయితాది? పెట్టుకోనీ. నేనే చెప్తాండా, దీంట్లో ఎవురికీ అభ్యంతరం ఉండేదానికి లేదు," అంది.

నిజంగానే ఎవరికీ లేదు. వాయిదా వేయడానికి ఏమీ మిగలకపోవడంతో వెంకటగిరియప్ప సెక్యూరిటీ గది తాళం తీయించాడు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. మునీంద్ర పైపుల సందులోంచి వైరు దించాడు. కింది నుంచి ఫాతిమా టార్చి వేసి, వచ్చింది వచ్చింది అని చెప్పింది. గిన్నె మళ్లీ తన పైపు ఎక్కింది. రేడియో గదిలో డబ్బా మెల్లిగా వేడెక్కింది, ఒకటొకటిగా ఉపగ్రహాలను పట్టుకుంది. తెర మీద తేదీ చూసి మునీంద్ర, ఆ రోజుల్లో తన మీసం ఎంత నల్లగా ఉండేదో ఇంటిపక్క వాళ్లందరికీ తెలిసేలా గుర్తు చేసుకున్నాడు. శనివారం రాత్రికి ఎర్ర దీపం ఆరి, ఆకుపచ్చ దీపం వెలిగింది. అంటే డబ్బా తానెక్కడుందో నేర్చుకుంది, ఇక సమయం తప్ప దానికి వేరే ధ్యాస లేదు. నళిని తన పాత స్ఫటికాన్ని దానితో పోల్చి చూసింది. ఇన్నేళ్లూ అది చెప్పిన అబద్ధాలు అంకెల్లో బయటపడుతుంటే ఆమెకు కోపం రాలేదు, నవ్వొచ్చింది.

ఆదివారం ఉదయం పోటీకి ముందు క్లబ్బు సభ్యులందరూ తమ తమ యంత్రాల ఫోటోలు పంపుకోవడం ఆనవాయితీ. నళినీ పంపింది. నిమిషంలో శ్రీనివాసప్ప రాశాడు. మేడం యంత్రం ఇంకా ఇరవై ఏళ్ల వెనకే ఉందనీ, ఫలితం కూడా అప్పటిదే పంపుతారా అనీ. కింద నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. నళిని ఫోన్ బోర్లించి రేడియో ముందు కూర్చుంది.

ఆమె రేడియో గది నలుగురు పట్టేది కాదు. అయినా ఆ ఉదయం అందులో ఫాతిమా ఉంది, గుమ్మంలో కుర్చీ వేసుకుని నంజమ్మ ఉంది, హాల్లో వెంకటగిరియప్పతో పాటు సగం అపార్ట్‌మెంటు ఉంది. తమ అనుమతితో పెట్టిన యంత్రం ఏం చేస్తుందో చూడకుండా ఎవరూ ఇంట్లో ఉండలేకపోయారు. మునీంద్ర ఒక్కడినే బాల్కనీకి పంపారు, గొంతు పైకి లేస్తుందేమోనన్న భయంతో.

దొడ్డబళ్ళాపురం నుంచి సంకేతం వచ్చింది. సన్నని ఈలలా, ఎక్కడో దూరంగా కుక్కరు కూత మొదలైనట్టు. నళిని కొలిచింది, మళ్లీ కొలిచింది, మూడోసారి కొలిచింది. మూడుసార్లూ ఒకే మాట. తన కొలబద్ద మాట మీద నిలబడితే ఎలా ఉంటుందో ఆమెకు జీవితంలో మొదటిసారి తెలిసింది. సంఖ్యను పంపేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఫలితాలు రేడియోలోనే చదివారు, కింది నుంచి పైకి. ఆరో స్థానంలో శ్రీనివాసప్ప పేరు వచ్చింది. చదువుతున్నాయనే నమ్మలేక ఆ పేరును రెండుసార్లు చదివాడు. కొన్న రోజు నుంచి ఆ ఖరీదైన యంత్రాన్ని సరిచూడడానికి ఎక్కడికీ పంపలేదని తర్వాత తెలిసింది. అంత ధర పెట్టిన వస్తువు తప్పు చెబుతుందన్న అనుమానం ఆయనకు రాలేదు. మూడో స్థానం వచ్చింది, రెండో స్థానం వచ్చింది. చివరి పేరు దగ్గర దొడ్డబళ్ళాపురం ఆయన ముందు ఒక మాట చేర్చాడు. ఈ సంఖ్య ఎంత దగ్గరగా ఉందంటే, మిగిలిన ఆ కాస్త తేడా మేడంది కాదేమో, పంపిన తనదేమోనని మరోసారి సరిచూసుకున్నానని చెప్పి, నళిని పేరు చదివాడు.

హాల్లో ఒక్కసారిగా లేచిన కేకకు గేటు దగ్గర సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు. బాల్కనీలోంచి మునీంద్ర అన్న మాట పక్క వీధిలో కూడా విన్నారు. నంజమ్మ లేచి వచ్చి నళిని తల నిమిరి, టవర్ పెట్టినా ఇంత సంతోషం ఉండేది కాదంది. ఫాతిమా అప్పటికే ఫోటో గ్రూపులో పెట్టేసింది, గిన్నె ఈసారి గిన్నె అంతే ఉంది.

కాసేపటికి ఫోన్ మోగింది. శ్రీనివాసప్ప. ఆయన గొంతులో ఈసారి నిజమైన మర్యాద ఉంది.

"మేడం, ఆ రిసీవర్ ఏదో కాస్త చెబుతారా? నేనూ ఒకటి తీసుకుందామని."

ఏడాదిగా ఈ క్షణం కోసం ఆమె ఎన్ని జవాబులు తయారుచేసుకుందో. అవేవీ ఇప్పుడు అవసరం పడలేదు. పీణ్యలో చెన్నరాయప్ప గోడౌన్‌కు వెళ్లమనీ, లోపలి పొయ్యి వెచ్చబడుతుందో లేదో చెయ్యి పెట్టి చూడమనీ, తేదీ తప్పు చూపిస్తే భయపడకుండా అదే తీసుకోమనీ ఓపిగ్గా చెప్పింది. కావాలంటే తమ ఇంటికి వచ్చి ఆయన యంత్రాన్ని తన డబ్బాతో సరిచూసుకోవచ్చని కూడా అంది. ఆయన వచ్చే వారం వస్తానన్నాడు.

మైసూర్ పాక్ పంచారు. అది నోట్లో ఉండగానే వెంకటగిరియప్ప లేచి, సభ్యులందరూ ఎలాగూ ఇక్కడే ఉన్నారు కనుక ఇదే మీటింగు అనుకుందామన్నాడు. అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు ఎవరికి తోచినప్పుడు వాళ్లు వేస్తున్నారనీ, ఒకరోజు ట్యాంకు పొంగుతుందనీ, ఒకరోజు కుళాయి మధ్యలో ఆగుతుందనీ, ఇన్నేళ్లుగా తాను వాయిదా వేస్తున్న సమస్య ఇదొక్కటేననీ చెప్పాడు. సమయం విషయంలో జిల్లా మొత్తం మీద నమ్మదగిన మనిషి నాలుగో అంతస్తులోనే ఉండగా ఇంకా ఆలస్యం ఎందుకన్నాడు. నంజమ్మ ప్రతిపాదించింది, ఫాతిమా బలపరిచింది. చప్పట్లు మారుమోగాయి.

సోమవారం తెల్లవారుజామున, సెకనులో కోటో వంతు కూడా తేడా లేకుండా, నళిని కిందికి వెళ్లి నీళ్ల మోటారు వేసింది.